పారేయడం చేతకాని పెద్దాయన

డెబ్బై దాటిన పెద్దాయనని పిసినారి అనేయడం తేలికే గానీ, లెక్క కుదరదు. అప్పు చేసి మరీ కూతురి పెళ్ళిలో ఊరందరికీ భోజనం పెట్టినవాడు, చుట్టం వద్దు వద్దంటున్నా గరిటెడు నెయ్యి వేయించేవాడు, శుభలేఖ వెనకవైపున పాల లెక్క రాసుకుంటాడు. డబ్బు మీదే మమకారమైతే చెయ్యి ముందు నెయ్యి దగ్గర ఆగాలి కదా! వస్తువుకి ఆయుష్షు తీరుతుందంటే ఒప్పుకోలేకపోవడం ఆయన అసలు ఇబ్బంది. పంచెనే చూడండి. కొత్తలో పండక్కి, ఆ తర్వాత రోజూ కట్టుకోవడానికి, అంచు చిరిగితే రెండు తువ్వాళ్ళు, అవీ వెలిసిపోతే వంటింట్లో మసిగుడ్డ, చివరికి స్కూటరు తుడిచే గుడ్డ. స్కూటరు అమ్మేసి పదేళ్ళయినా గుడ్డ మాత్రం మేకుకి వేలాడుతూనే ఉంటుంది.

ఇదంతా కరువు నేర్పిన అలవాటంటారు. కొంత నిజమే. రేషన్ క్యూల్లో పెరిగిన తరం అది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికో పూట భోజనం మానమంటే మానేసిన ఇళ్ళున్నాయి. అయితే కరువొక్కటే కారణమైతే, 1991 తర్వాత అంగళ్ళు నిండాక అలవాటు కాస్తయినా సడలాలి. సడల్లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో దాచిన ప్రతిదానికీ చేరే చోటొకటి ఉండేది. బియ్యం కడుగు, కూరల తొక్కలు కుడితి తొట్టిలోకి, తొట్టి గేదెకి, దాని పేడ పిడకలై పొయ్యిలోకి, బూడిద అంట్లు తోమడానికి. చింతపండు పిప్పి ఇత్తడి బిందెకి. బీరకాయ తొక్కయితే గేదె దాకా వెళ్ళేదే కాదు, దారిలోనే పచ్చడైపోయేది. పాత చీరలు బొంతలయ్యేవి, లేదా స్టీలు సామాన్లమ్మి గీసి గీసి బేరమాడి ఒక గిన్నె ఇచ్చి పట్టుకుపోయేది. (ఈ చాకిరీ అంతా ఇంటావిడది. “ఉంచు, పనికొస్తుంది” అనడం వరకే ఆయన వంతు.) ఇప్పుడు అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో గేదె లేదు, పొయ్యి లేదు, బూడిదా లేదు. దాచే చెయ్యి మాత్రం ఆగలేదు. అందుకే హార్లిక్స్ సీసాలు, స్వీట్ల డబ్బాలు, కవర్లు కుక్కిన కవర్లు అటకెక్కి కూర్చున్నాయి.

ఇల్లు గోడౌనయిందన్న కోడలి ఫిర్యాదుకి జవాబు లేదు. మొన్నటి సాంబారుని ఇంకోసారి మరగబెట్టడం పొదుపు కిందికి రాదని డాక్టరన్నా ఒప్పుకోవలసిందే. అలాగని ఈ మధ్య కొందరు ఆయనకి పర్యావరణవేత్తని శాలువా కప్పుతున్నారే, అదీ అతే. ఖాళీ గదిలో ఫ్యాను కట్టేటప్పుడు ఆయన మనసులో భూగోళం ఉండదు. కరెంటు బిల్లు కూడా రెండో మాటే. ఎవరూ లేని గదిలో అది ఎవరి కోసం తిరుగుతోందన్నదే ఆయన ప్రశ్న. దానికి ఇంట్లో ఎవరూ ఇంతవరకు సరైన సమాధానం చెప్పలేదు.

మున్సిపాలిటీవాళ్ళు తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి బుట్ట పెట్టమన్నప్పుడు ఆయన అభ్యంతరం చెప్పలేదు. వేరుచేయడం ఆయనకి కొత్తేమీ కాదు. కాకపోతే ఆయన లెక్కలో ఒక బుట్ట తక్కువైంది, ఇంకా సంగతి తేలని వాటికి. అదెవరూ ఇవ్వలేదు కనుక ప్రస్తుతానికి బాల్కనీ వాడుకుంటున్నాడు.