డప్పు ఎవరి చేతిలో ఉంది?

మనిషి చేతికి దేవుడి పవరిస్తే నమ్మొచ్చా అని కాలిఫోర్నియాలో మహామహులు తలలు పట్టుకుని కూర్చున్నారట. మనిషిని మించిన తెలివిగల యంత్రాన్ని తయారు చేస్తున్నదీ వాళ్ళే, దాని తాళంచెవి ఎవరి మొలకు కట్టాలో తేలక తల్లడిల్లుతున్నదీ వాళ్ళే. ఈ మాత్రం దానికి అంత దూరం పోవడమెందుకని నేను వాల్మీకిపురం బస్టాండు దగ్గర టీకొట్టులో విచారణ కమిషన్ వేశాను.

టమోటా రైతు పదవి స్వీకరించడానికి వెంటనే ఒప్పుకున్నాడు. "నాకియ్యమను సామీ. మదనపల్లె మండీలో కిలో రెండు నూర్లకు తక్కువ పాడినోడి నోరు పడిపోవాల." 2023 జూలైలో ధర దాదాపు అంతదాకా పోయింది కాబట్టి అత్యాశ అనలేం. కోత కూలి కూడా గిట్టక కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూసినవాడాయన. టీ మాస్టరు చెయ్యి ఆపి, "ఆ రెండు నూర్లప్పుడు మా ఇంట్లో ఊరుబిండికి టమోటా లేదు. పవర్ నాకియ్యి, కిలో పది చేస్తా" అన్నాడు. బెంచీ చివర కూర్చున్న చెనిక్కాయ రైతుకు వాన కావాలి. కోతకొచ్చిన టమోటా మీద వాన పడితే కాయ పగులుతుంది కాబట్టి మొదటాయన వీటో చేశాడు. ఇద్దరి చేన్లకూ గట్టు ఒకటే. టీ చల్లారేలోగా ముగ్గురు దేవుళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు.

నిజానికి అధికారం సంగతి మాకు కొత్త కాదు. ఊరు వాల్మీకి పేరుది, గుళ్ళో కొలువున్నది పట్టాభిరాముడు. తెల్లారితే పట్టాభిషేకమనగా అడవికి పొమ్మంటే పోయి, వెంటపడి వచ్చిన తమ్ముడికి కాళ్ళ పాదుకలు కూడా ఇచ్చేసి, పద్నాలుగేళ్ళ తర్వాత పెట్టుకున్న కిరీటం ఆయనది. ఆ కిరీటానికి భక్తితో దండం పెట్టి బయటికొచ్చే మేం, ఓటు మాత్రం ముహూర్తం కంటే ముందే ఫ్లెక్సీ కట్టించుకున్నవాడికే వేస్తాం.

పెద్ద కుర్చీ ఎంత గట్టిదో కూడా చూశాం. మా ఊరి పాత పేరుతో ఉన్న వాయల్పాడు నియోజకవర్గం నుంచి గెలుస్తూ వచ్చిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి 2010 నవంబరు 25న ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. తీరా చూస్తే అప్పటికే పునర్విభజనలో వాయల్పాడు నియోజకవర్గం మాయమైంది, ఆయన 2009లో పీలేరు నుంచి నెగ్గి ఉన్నారు. వరాలిచ్చే వేళకు మా ఊరు జాబితాలోనే లేదన్నమాట. విభజనను ఆపడానికి ఆఖరి బంతి ఇంకా ఉందంటూ వచ్చిన ఆయన 2014 ఫిబ్రవరి 19న రాజీనామా చేశారు, రాష్ట్రం రెండయింది. ముఖ్యమంత్రి కుర్చీలో దేవుడు లేడని మాకు అట్లా రూఢి అయింది. మరెక్కడున్నాడయ్యా అంటే, కౌంటరు వెనక ఉన్నాడు.

ఊరు, పేరు అడక్కండి, ఒకానొక ఆఫీసు. పింఛను ఆగిపోయిందని ఒక ముసలాయన కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. ఆపరేటర్ కుర్రాడు మీటలు నొక్కి నొక్కి తల ఎత్తకుండానే చెప్పాడు.

"తాతా, నువ్వు చచ్చిపోయినావు."

"ఈడే ఉండా కదప్పా."

"ఈడ ఉండావులే. దీంట్లో లేవు."

"మరి ఇప్పుడేం చెయ్యల్ల?"

"బతికుండావని ఎవురి చేతనన్నా రాయించుకోని రా."

ముసలాయన కాసేపు తన చేతుల్ని తానే చూసుకున్నాడు. వాదించలేదు. సంతకం ఎవరు పెడతారో, ఎన్ని జెరాక్సులు కావాలో అడిగి, చంకలో సంచి సర్దుకుని బయల్దేరాడు. యముడి దగ్గరకు వెళ్ళి మొగుణ్ణి తెచ్చుకున్న సావిత్రికి కూడా ఇన్ని జెరాక్సులు పట్టలేదు.

రెవెన్యూ లెక్కల్లో త్రిమూర్తులు ముగ్గురూ ఉన్నారు. సృష్టి అంటే పాసుపుస్తకం. స్థితి అంటే పెండింగు. తెల్లదొరల కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాస్తున్న గుమాస్తాకు ఒక భూమి ఎవరిదో తెలియలేదు, పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి పక్క పేజీ తిప్పాడు. గుమాస్తా పోయాడు, దొరలూ పోయారు, చుక్కలు మాత్రం చిరంజీవులయ్యాయి. ఆ చుక్కల భూముల్ని దున్నుకుంటున్నవాళ్ళు అమ్ముకోలేక, అప్పు పుట్టక తిరిగితే, చుక్కలు చెరపడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. బ్రహ్మరాత అంటే ఏమిటో అని ఇంకా సందేహమున్నవాళ్ళు ఆ రిజిస్టరు చూడవచ్చు. ఇక లయ. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. విచారణకు డీజీపీయే హెలికాప్టర్‌లో దిగారు. ఆకాశం నుంచి దేవతలు దిగడమన్నది పురాణాల్లో తప్ప మేం మొదటిసారి చూడటం అదే.

చిన్న కుర్చీల సంగతే ఇట్లా ఉంటే అసలు కుర్చీ మాటేమిటి? అదీ మనవాళ్ళు ఒకసారి ప్రయత్నించారు, భారతంలో ఉంది. వృత్రుణ్ణి చంపిన పాపానికి భయపడి ఇంద్రుడు పరారయ్యాడు. పోస్టు ఖాళీ. దేవతలూ మునులూ గాలించి గాలించి భూలోకం నుంచి నహుషుణ్ణి ఎంపిక చేశారు. ఎంపికలో లోపం లేదు. ధర్మాత్ముడు, పైగా "నాకంత బలం లేదు" అని మొదట వద్దన్నవాడు. వద్దన్నాడు కాబట్టే ఇంకా తగినవాడనుకున్నారు. కంటపడ్డవాడి తేజస్సల్లా అతనికే చెందేట్టు వరం కూడా జత చేశారు. కొన్నాళ్ళకు ఆ ధర్మాత్ముడికి ఇంద్రుడి కుర్చీతోపాటు ఇంద్రుడి పెళ్ళాం కూడా తనదేననిపించింది. మునులు మోసే పల్లకిలో ఊరేగుతూ బయల్దేరాడు. మోస్తున్న అగస్త్యుడికి కాలు తగిలింది, శాపం తగిలింది, కొండచిలువై కిందపడ్డాడు.

ఈ కథ చెప్పి అందరూ నహుషుణ్ణే తిడతారు. నాకెప్పుడూ అర్థం కానిది వేరే ఉంది. అంతటి మునులు పల్లకి ఎందుకు ఎత్తుకున్నారు? "మోయం" అని దాన్ని కింద పెట్టేసి ఉంటే శాపంతో పనేముంది? కాలు తగిలేదాకా ఎవరికీ భుజం నొప్పి పుట్టలేదు.

వద్దన్నవాడు నిజంగానే వద్దనుకుంటే ఏమవుతుందో తెలియాలంటే మాకు పక్కనే ఉన్న మదనపల్లెకు రావాలి. 1895లో అక్కడ రెవెన్యూ ఉద్యోగి నారాయణయ్య ఇంట్లో ఎనిమిదో సంతానంగా పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం పెద్ద లెడ్‌బీటర్ చూశాడు. ఈ పిల్లవాడే రాబోయే జగద్గురువు కాగల పాత్ర అని ఆ సమాజం పెద్దలు తేల్చారు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు. ఇంతలో కన్నతండ్రి మా పిల్లవాణ్ణి మాకిమ్మని సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ మీద దావా వేసి మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్లో ఓడాడు. జగద్గురువుకు గార్డియన్ ఎవరన్నది అప్పీలు కోర్టు తేల్చాల్సి వచ్చింది.

హాలండులోని ఓమెన్ దగ్గర ఒక జమీందారు ఆ సంఘానికి కోట, అడవి, భూములు రాసిచ్చాడు. దేశదేశాల భక్తులు. ఇంకేం కావాలి? 1929 ఆగస్టు 3న ఆ ఓమెన్‌లోనే, అనీబిసెంట్ ఎదురుగా, మూడు వేలమందికి పైగా కూర్చుని ఉండగా కృష్ణమూర్తి లేచి సంఘాన్ని రద్దు చేశానన్నాడు. కోటను ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇప్పించాడు. దేవుడి పోస్టుకు రాజీనామా చేసిన ఉద్యోగి, నాకు తెలిసినంతలో, మా మదనపల్లె ఆయనొక్కడే.

రాజీనామా ఆమోదం పొందిందా అన్నది అసలు ప్రశ్న. గురువు అక్కర్లేదు మొర్రో అని ఆయన 1986లో పోయేదాకా ప్రపంచమంతా తిరిగి చెప్పాడు, ఆ మాట చెప్పే గురువును వినడానికి ప్రపంచమంతా చాపలు పరుచుకుని కూర్చుంది. ఇంకో విశేషం. దైవత్వం వదులుకోవడానికి ఒక్క ఉపన్యాసం సరిపోయింది. పాత మిత్రుడు రాజగోపాల్ చేతిలో ఉన్న సంస్థ నుంచి విడిపడటానికి మాత్రం 1968లో తెగతెంపులు, 1971లో కోర్టు, 1974లో రాజీ కావాల్సి వచ్చాయి. దేవుడు దిగిపోయినా ట్రస్టు దిగదు.

మరి ఈ దించడమనే విద్య ఎవరికీ రాదా? వచ్చు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకో, కుప్పం గంగమ్మ జాతరకో వచ్చి గుంపులో నిలబడండి. పొద్దున పూలకొట్టులో మూర దగ్గర బేరమాడిన ఆడమనిషికి పూనకమొస్తుంది. జుట్టు విరబోసుకుని, వేపమండ పట్టుకుని, ఊరి పెద్దమనిషిని ఏకవచనంలో నిలదీస్తుంది: "పోయినేడు ముడుపు కడతానంటివే, యాడరా?" కలెక్టరుక్కూడా లేవనివాడు లెంపలేసుకుని "తప్పయిపాయ తల్లీ" అంటాడు. కాసేపటికి డప్పు ఆగుతుంది. హారతిచ్చి, మొహాన నీళ్ళు చల్లుతారు. ఆమె కొంగు సర్దుకుని, తీర్థం కోసం అందరితోపాటు లైన్లో నిలబడుతుంది. ముందుకు పోనివ్వమని అడగదు, అడిగినా ఎవరూ పోనివ్వరు.

ఇంతకంటే పకడ్బందీ రాజ్యాంగం నేను చదవలేదు. దేవుడి అధికారం మొత్తం ఇస్తారు, కానీ నలుగురి కళ్ళముందు ఇస్తారు, డప్పు మోగినంతసేపే ఇస్తారు, ఆ డప్పు ఆమె చేతికివ్వరు. పూనకంలో ఆమె తన పేరు మీద రెండెకరాలు పట్టా అడిగితే అది అమ్మవారు కాదని చంకలో పిల్లకు కూడా తెలుస్తుంది. ఈ రాజ్యాంగంలో ఉన్న వెలితి ఒక్కటే. డప్పు ఆపి అమ్మవారినే దించగలిగినవాణ్ణి గడప దాటి గుళ్ళోకి రానివ్వని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అధికారాన్ని అదుపు చేసేవాణ్ణి వాకిట్లోనే నిలబెట్టడం మనకు గుడితో మొదలై అసెంబ్లీ దాకా అలవాటైంది.

ఇప్పుడు కాలిఫోర్నియాకు పోదాం. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐలో అధిపతి శామ్ ఆల్ట్‌మన్‌ను తీసేసే అధికారం బోర్డుకుంది. అట్లా ఉండటం ముఖ్యమని 2023లో ఆయనే చెప్పాడు. అదే ఏడాది నవంబరు 17న బోర్డు ఆయన్ను నిజంగానే తీసేసింది. ఉద్యోగులు 700 మందికి పైగా మేమూ పోతామని సంతకాలు పెట్టారు. ఐదు రోజుల్లో ఆయన వచ్చేశాడు, ఆయన్ను తీసేసిన నలుగురు డైరెక్టర్లలో ముగ్గురు బోర్డు నుంచి పోయారు. అందులో ఎవరిది ధర్మమో తేల్చే దివ్యదృష్టి నాకు లేదు. డప్పు బోర్డు చేతిలో ఉందని కాగితం మీద రాసుకున్నారు, మోత మాత్రం వేరేచోట నుంచి వచ్చింది.

నా భయం ఆ ఐదు రోజుల గురించి కాదు. అప్పుడు కనీసం 700 మంది మనుషులు లెక్కలో ఉన్నారు. వాళ్ళు పోతామంటే కంపెనీ నిలిచేట్టు లేదు కాబట్టే వాళ్ళ మాట చెల్లింది. నహుషుడి కాలం నుంచీ ప్రతి నియంతకూ మోసేవాళ్ళు కావాల్సి వచ్చారు: లెక్కలు రాయడానికొకడు, తలుపు దగ్గర కాపలాకొకడు, తుపాకీ పట్టడానికొకడు. వాళ్ళలో ఎవడికో ఒకడికి ఏదో ఒకనాడు భుజం నొప్పి పుట్టేది. లోకం ఇంతకాలం బతికి బట్టకట్టింది నియంతల మంచితనం వల్ల కాదు, ఆ భుజం నొప్పి వల్ల. రేపు లెక్కలూ కాపలా తుపాకీ అన్నీ యంత్రమే చూసుకుంటే, అది డ్రైవర్ లేని పల్లకి. దానికి అగస్త్యుడు అక్కర్లేదు. కాలు తగలడానికి తల ఉండదు, శపించడానికి నోరుండదు. ఎక్కి కూర్చున్నవాడు ధర్మాత్ముడా కాదా అని మనం టీకొట్లలో చర్చించుకోవచ్చు, అది మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది.

కనుక మంచివాడి కోసం వెతుకులాట మానేయడం మేలు. నహుషుడూ మంచివాడే. వెతకాల్సింది దింపే దారి. అయినా పోస్టు భర్తీ చేయక తప్పదంటారా, నోటిఫికేషన్‌లో ఈ నిబంధనలు చేర్చాలని ప్రజాహితం కోరి మనవి చేస్తున్నాను. కాంట్రాక్టు ప్రాతిపదికనే, రెన్యువల్ లేదు. వారసులకు కారుణ్య నియామకం లేదు. పల్లకి మోసేవాళ్ళు మనుషులే అయి ఉండాలి, దింపేసే హక్కు వాళ్ళకు రాతపూర్వకంగా ఉండాలి. అభ్యర్థి కేరక్టర్ సర్టిఫికెట్ గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర కాదు, తన ఇంటి పనిమనిషి దగ్గర తేవాలి.

అనుభవం కింద ఒకటే అడగాలి. ఏదైనా గంగజాతర కమిటీకి ఒక ఏడాది అధ్యక్షుడిగా చేసి, చందాల లెక్క పైసలతో సహా మైకులో చదివి, మిగులు డబ్బునూ ఆ మైకునూ మరుసటి ఏడాది అధ్యక్షుడికి గొడవ లేకుండా అప్పగించి ఉండాలి. డబ్బు అప్పగించినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో దొరుకుతారు. మైకు అప్పగించినవాడు దొరికితే దరఖాస్తు రుసుం నేనే కడతాను.