నవల చదవకుండానే సినిమాను ఉతికేయడం ఎట్లా

నవల సినిమాగా వచ్చిందంటే, మొదటి ఆట వదలకముందే "నవల్లో ఇట్ల లేదబ్బా" అన్నోడే మొనగాడు. చదివినోడు ఎవడైనా ఆ మాట అంటాడు, గొప్పేముంది? చదవకుండా అనడమే విద్య. ఈ కింది చిట్కాలు కర్నూలు రాజ్‌విహార్ నుంచి కడప ఏడురోడ్ల దాకా ఎక్కడైనా పనిచేస్తాయి.

1. పుస్తకం కొనకండి. యండమూరి 'తులసి' నవల ఉంది, దాన్నుంచి 1986లో తీసిన 'కాష్మోరా' ఉంది. రెండింటి జోలికీ పోవద్దు. "నవల చదివిన రాత్రి లైటు ఆర్పలేదు, సినిమాకు పోతే హాల్లోనే నిద్రపట్టింది" అనండి, చాలు. అప్పటికి నువ్వు పుట్టలేదు కదరా అని ఎవరైనా లెక్క తీస్తే, "మా చిన్నాయన చదివి చెప్పినాడు" అనండి. చిన్నాయన కువైట్‌లో ఉంటే మరీ మేలు. కడప జిల్లాలో ఇంటికొక చిన్నాయన అక్కడే ఉంటాడు కాబట్టి ఎవరూ అనుమానించరు, ఫోన్ చేసి అడగరు.

2. సాక్ష్యం తయారు చేసుకోండి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ముందు నిలబడి ఫోటో దిగండి. లోపలికి మాత్రం పోవద్దు. బ్రౌన్ దొర సొంత డబ్బు పోసి, పండితులను పెట్టుకుని, తాళపత్రాలకు నకళ్ళు రాయించిన మనిషి. ఆ గాలి సోకితే మీరూ చదవడం మొదలుపెడతారు.

3. చిన్న తప్పునే పట్టుకోండి, పెద్దవి పట్టుకుంటే కథ తెలియాలి. హ్యారీ పోటర్ నాలుగో సినిమాలో (2005) హెడ్మాస్టరు డంబుల్‌డోర్ హ్యారీ మీద పడి కుదిపేస్తూ ప్రశ్న అడిగినాడు. పుస్తకంలో అదే ప్రశ్న ప్రశాంతంగా అడిగినాడట. ఆ 'ప్రశాంతంగా' అన్న ఒక్క మాట పట్టుకుని అభిమానులు ఇప్పటికీ తగాదా పడుతున్నారు. ఇంకొకటి: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (2001) పేరు వినబడగానే "టామ్ బాంబడిల్ ఏడీ?" అని అడగండి. ఆయనెవరో మీకు తెలియక్కర్లేదు. సినిమాలో ఆయన్ని ఎగరగొట్టినారు, మనకు అంతవరకే అవసరం. పొరపాటున 'పొన్నియిన్ సెల్వన్' చూస్తూ అడిగినా నష్టం లేదు. పేర్లు గుర్తుండక అల్లాడే పక్కసీటాయన అదీ ఒక చోళుడి పేరే అనుకుంటాడు.

4. 'పాతాళభైరవి' ఊసెత్తకండి. 1951లో వచ్చిన ఈ సినిమా మన విద్యకు పెద్ద గండం. తీసినాయన మన కడప జిల్లా నాగిరెడ్డి. దర్శకుడు తాడిపత్రి కె.వి. రెడ్డి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథను రచయిత పింగళితో కలిసి తమకు కావలసినట్టు మలుచుకున్నారు. హీరో తోటరాముణ్ణి చూసి ఈలలు వేసినోళ్ళను చూసినాను గానీ, "మధిర సుబ్బన్న దీక్షితులు ఇట్ల రాయలేదే" అన్నోణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఎవరైనా ఈ ఉదాహరణ తెస్తే "అది వేరే కాలం" అని, ఉగ్గాని బజ్జీ చెప్పండి. నోరు నిండితే వాదన ఆగుతుంది.

5. ఒక పోలిక దగ్గర పెట్టుకోండి: "సుంకేసుల దగ్గర నిండుగా బయల్దేరిన కేసీ కాలువ, కడప చేరేసరికి ఎట్లుంటాదో, నవల తెరమీదికొచ్చేసరికి అట్లుంటాది." పక్కన చివరి ఆయకట్టు రైతు ఉంటే ఇంకా మంచిది. మాట నీళ్ళ మీదికి మళ్ళుతుంది, మిమ్మల్ని ఇక ఎవరూ నవల గురించి అడగరు.

6. సినిమా చెడిందని తేల్చినాక రెండోసారి పోండి. మే నెలలో ఏసీ హాలును వదులుకోవడం తెలివి కాదు. అడిగితే తప్పులు లెక్కపెట్టను పోయినానని చెప్పండి.

7. ఎప్పుడో ఒకప్పుడు ఒక మాస్టరు వచ్చి అసలు నవల మీ చేతిలో పెడతాడు. కంగారు పడకండి. తీసుకుని, తిరిగి ఇవ్వకండి. ఇక ఊళ్ళో మీరు చెప్పిందే నవల.