తాతగారి తలా, నాలుగు బై ఆరు కాగితమూ

ప్రింటర్ కొనడం మనవాళ్ళకు పెద్ద పనేం కాదు. సికింద్రాబాద్ సీటీసీకి వెళితే షాపతను పావుగంటలో తేల్చేస్తాడు: "ట్యాంకుది తీస్కోండి సార్, ఇంకు చవక, ఫోటోలు గూడా మస్తు వస్తయి." అసలు కష్టం దాన్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాక మొదలవుతుంది. "ఫోటోలు ప్రింట్ తీయడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదండీ?" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క అడిగి చూడండి. నెలరోజులుగా లిఫ్టు చెడిపోయినా నోరు మెదపని మూడో అంతస్తాయన హఠాత్తుగా లేచి కూర్చుంటాడు.

"ఫోటోషాప్ ఉండాలండీ. మిగతావన్నీ దండగ." ఆయన ఫోటోషాప్‌తో ఇప్పటిదాకా చేసిన ఘనకార్యం, సొసైటీ ఎన్నికల ఫ్లెక్సీలో తన ముఖం చుట్టూ పసుపు అంచు వేసుకోవడం. లైట్‌రూమ్ లేనిదే ప్రింట్ జోలికే వెళ్ళకూడదంటాడు కొత్తగా కెమెరా కొన్న కుర్రాడు. గింప్ ఉచితంగా దొరుకుతుంటే డబ్బు తగలేయడమెందుకని కోప్పడతాడు ఇంకో సత్యాగ్రహి. ఆయన లాప్‌టాప్‌కూ ప్రింటర్‌కూ ఇంకా పరిచయం కాలేదన్న సంగతి మాత్రం గ్రూపులో చెప్పడు. వీళ్ళందరికంటే జాలి గొలిపేవాళ్ళు పికాసా భక్తులు. గూగుల్ 2016లోనే పికాసాకు నీళ్ళొదిలేసింది. వీళ్ళు మాత్రం దాని పాత ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తాయెత్తులా దాచుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచుతూనే ఉన్నారు. రాత్రి పదింటికి చర్చ ముగిసేసరికి గ్రూపులో నలుగురు అలిగి ఉంటారు, ముగ్గురు ఎడ్మిన్‌ను తిట్టి ఉంటారు. ఫోటో మాత్రం ఒక్కటీ ప్రింటై ఉండదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ పండితులు చెప్పేవన్నీ ఒకసారి ఏరి చూడండి. లేయర్లు ఉన్నాయా, ఫిల్టర్లు ఎన్ని, బ్యాక్‌గ్రౌండ్ ఒక్క క్లిక్కుతో పోతుందా, ముఖం మీద మొటిమ పోతుందా... అన్నీ ఫోటోను మార్చే సంగతులే. కాగితం మీదికి పంపే సంగతి ఒక్కరూ ఎత్తరు. ప్రింట్ అన్న మాట నొక్కాక తెరుచుకునే ఆ చిన్న విండోలో ఏముందో ఎవరూ చూసిన పాపాన పోరు. అక్కడే తాతగారి తల ఎగిరిపోతుంది.

ఆ తల లెక్క కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇంటింటా జరిగే ఘోరం ఇదే. మన ఫోన్లు మామూలుగా తీసే ఫోటో నాలుగుకు మూడు పాళ్ళలో ఉంటుంది. మనం కొనే నాలుగు బై ఆరు కాగితం మూడుకు రెండు పాళ్ళది. షష్టిపూర్తి నాడు అడ్డంగా తీసిన గ్రూపు ఫోటోను ఆ కాగితం నిండా పరిస్తే, ఆరంగుళాల వెడల్పుకు నాలుగున్నర అంగుళాల ఎత్తు కావాలి. కాగితం ఎత్తు నాలుగే. మిగిలిన అరంగుళం ఎక్కడికి పోవాలి? పైన పావు, కింద పావు. పైన పావంగుళంలో వెనక వరుసలో నిలబడ్డ పొడుగు తాతగారి తలపాగా ఉంటుంది, కింది పావంగుళంలో ముందు వరుసలో కూర్చున్న మనవల కాళ్ళుంటాయి. విండోస్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ అంటే వచ్చే విండోలో అడుగున ఒక చిన్న గడి ఉంటుంది: ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్. దాంట్లో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. తలపాగాను కోసే కత్తెర అదే. టిక్కు తీసేస్తే ఫోటో మొత్తం వస్తుంది, రెండు పక్కలా మూడోవంతు అంగుళం చొప్పున తెల్ల అంచు మిగులుతుంది. కానీ తెల్ల అంచు మనకు పనికిరాదు! "కాగితం డబ్బులిచ్చి కొన్నాం, అంతా నిండాలి" అంటారు. అంచుల్లేకుండా నింపే బోర్డర్‌లెస్ పద్ధతిలో ప్రింటర్ ఫోటోను ఇంకాస్త పెంచి అంచుల బయటికి తోస్తుంది కాబట్టి, తాతగారి తలపాగాతో పాటు చెవులకూ గ్యారంటీ లేదు.

ఆరో నిజాం ఆస్థానంలో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ రోజుల్లో ఈ బాధ లేదు. గాజు పలకను కాగితానికి ఆనించి ఎండలో పెట్టేవారు, పలక ఎంతుంటే ప్రింటూ అంతే. అప్పటి నవాబుల తలపాగాలన్నీ ఈనాటికీ క్షేమం.

మన మూడో అంతస్తాయన ఫోటోషాప్ దగ్గరికి వద్దాం. నోల్ అన్నదమ్ములు రాసిన ఆ ప్రోగ్రామ్‌ను అడోబీ 1990లో బజారులోకి తెచ్చింది. ఫోటో దిద్దడంలో దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. 2013 నుంచి కొత్త వెర్షన్లు నెలనెలా చందా కట్టేవాళ్ళకే. అందుకే మన ఊళ్ళ స్టూడియోల్లో 2002 నాటి 7.0 వెర్షన్ ఇంకా నిక్షేపంలా నడుస్తోంది. అది కొన్నారా, ఎవరైనా ఇచ్చారా అని అడగడం సభ్యత కాదు. కరిజ్మా ఆల్బమ్‌లో పెళ్ళికూతురిని చందమామలో కూర్చోబెట్టి, పెళ్ళికొడుకును స్విట్జర్లాండ్ కొండ మీద నిలబెట్టడానికి అది చాలు. కానీ మీరు ప్రింట్ తీయబోయేది చందమామను కాదుగా! విచిత్రమేమిటంటే, ఒకే కాగితం మీద నాలుగైదు ఫోటోలు వాటంతటవే సర్దిపెట్టే పిక్చర్ ప్యాకేజ్ అనే సదుపాయం ఫోటోషాప్‌లో పూర్వం ఉండేది. సీఎస్4 నాటికి దాన్ని పెట్టెలోంచి తీసేసి, కావాలంటే విడిగా తెచ్చుకోమన్నారు. చందా అడగని విండోస్ ప్రింట్ విండో మాత్రం ఆ పని ఇప్పటికీ చేసిపెడుతోంది. ఇంటి అవసరం ఎవరికి తెలుసో మీరే తేల్చండి.

తరువాతి మూఢనమ్మకం మూడొందల డీపీఐ, అంటే అంగుళానికి మూడొందల చుక్కలు. ఎవరో చెబుతారు, ఫోటో మూడొందలుంటేనే బాగా వస్తుందని. ఇంకెవరో ఫైలు వివరాలు తెరిచి "అయ్యో, డెబ్బై రెండే ఉంది" అని గుండె బాదుకుంటారు. ఆ గడిలో 72 కొట్టేసి 300 అని వేయగానే మనసు కుదుటపడుతుంది, గుడికి వెళ్ళొచ్చినట్టు. చుక్కలు ఎన్ని ఉండేవో అన్నే ఉన్నాయి, ఒక్కటీ పెరగలేదు. అది ఫైలుకు అంటించిన చీటీ మాత్రమే. నాలుగు బై ఆరు కాగితానికి అంగుళానికి 300 చొప్పున కావలసింది 1200 బై 1800, అంటే 21.6 లక్షల పిక్సెళ్ళు. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోను జేబులో పెట్టుకుని ఇంకా డీపీఐ గురించి బెంగపడేవాళ్ళకు మందు లేదు. వాట్సాప్ నలిపి పంపిన 1600 బై 1200 ఫోటో కూడా ఆరంగుళాల వెడల్పుకు అంగుళానికి 267 చొప్పున వస్తుంది, నాలుగు బై ఆరుకు ఏ లోటూ కనిపించదు. అదే ఫోటోను పద్దెనిమిది అంగుళాల ఫ్రేముకు పెంచితే 89కి దిగుతుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌నూ తిట్టకండి. పంపిన మేనల్లుడికి ఫోన్ చేసి, "ఒరేయ్, ఫోటోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపరా" అనండి, చాలు. ఇక ప్రింటర్ డబ్బా మీద 5760 అని గొప్పగా వేసుంటుందే, అది ఇంకు తుంపర్ల లెక్క. ఫోటో పిక్సెళ్ళతో దానికి చుట్టరికం లేదు.

రంగుల దగ్గర అసలు వేడుక చూడాలి. స్క్రీన్ మీద అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ గద్వాల చీర మెరిసిపోతుంది, కాగితం మీద అదే చీర తడిసిన తుంగచాపలా వస్తుంది. వెంటనే "ఈ సాఫ్ట్‌వేర్ బాగాలేదు, మార్చాలి." స్క్రీన్ తానే వెలుగు చిమ్ముతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగునే తిప్పి ఇస్తుంది. స్క్రీన్ వెలుతురు చివరికంటా పెంచుకుని ఫోటో దిద్దితే ప్రింట్ నల్లబడక ఏమవుతుంది? వెలుతురు తగ్గించుకోమంటే ఎవరూ వినరు, అది ఉచితం కాబట్టి. పరికరాల మధ్య రంగుల మాట కుదరాలని 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టుకున్నాయి. క్రికెట్‌ది కాదు, రంగులది. దాని ప్రొఫైళ్ళ పుణ్యమా అని రంగులు చూసుకునే పని సాఫ్ట్‌వేరూ చేయగలదు, ప్రింటర్ డ్రైవరూ చేయగలదు. మనవాళ్ళు రెండుచోట్లా ఆన్ చేసి కూర్చుంటారు. ఒకే పులుసులో అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసినట్టు రంగు రెండుసార్లు దిద్దబడి, పెళ్ళివారందరి ముఖాలూ ఎర్రగా కందిపోతాయి. ఎవరో ఒకరికి అప్పగించి రెండోవాళ్ళ నోరు మూయించాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఉన్న విండోలో ఒక గడి మారిస్తే సరి.

డ్రైవర్ అన్నాను కదా, ఫోటోను నిజంగా కాగితం మీదికి ఎక్కించే సాఫ్ట్‌వేర్ అదే. ప్రింటర్‌తో పాటు వస్తుంది, రూపాయి అడగదు. దాని పేరెత్తి వాదించుకున్న గ్రూపు మాత్రం భూమ్మీద కనబడదు. అందులో కాగితం రకం అని ఒక గడి ఉంటుంది, మామూలుగా ప్లెయిన్ పేపర్ అని చెప్పుకుని ఉంటుంది. మనం 180 జీఎస్ఎమ్ గ్లాసీ కాగితం పెట్టి ఆ గడిని ముట్టుకోం. ఎంత ఇంకు, ఎలా చల్లాలో నిర్ణయించేది ఆ గడి. దాన్ని వదిలేసి ఫోటోషాప్‌లో మూడు గంటలు దిద్దినా ప్రింట్ వెలవెలబోతుంది. కాగితాన్ని తిరగేసి వెనకవైపు ప్రింట్ తీసి, ఇంకు ఆరలేదని సాఫ్ట్‌వేర్‌ను శపించేవాళ్ళ సంగతి చెప్పను. వాళ్ళు ఇది చదివితే బాధపడతారు.

నవ్వు రాని చోటొకటుంది: ఆటో ఎన్‌హాన్స్, బ్యూటీ, ఇప్పుడు ఏఐ. చామనచాయ మేనత్త ఫోటో ఇస్తే పాలమీగడ లాంటి పిల్ల బయటికొస్తుంది. బామ్మది వేలంత ఉన్న పాత ఫోటోను ఏఐతో పెంచితే, కంటి రెప్పలు, పళ్ళ వరస, ముక్కు చివర అన్నీ అది తనకు తోచినట్టు అల్లి పెడుతుంది. చూసిన మనవడు "ఎంత స్పష్టంగా ఉందో!" అంటాడు. స్పష్టంగానే ఉంది, బామ్మే లేదు. పెళ్ళిచూపుల ఫోటోలకు తెల్లరంగు పులిమే స్టూడియోలను ఇన్నాళ్ళు తిట్టాం, ఇప్పుడు అదే పనికి మనమే ఇంట్లో మీట నొక్కుతున్నాం.

ఇంటి ప్రింటర్ దండగ అనను. రేపు పరీక్ష, హాల్‌టికెట్‌కు ఫోటో అంటించాలి, స్టూడియో మూసేశారు. అప్పుడు దాని విలువ తెలుస్తుంది. 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటోలు ఒక్క నాలుగు బై ఆరు కాగితం మీద ఎనిమిది పడతాయి. ఫిట్ టు పేజ్ అన్నది వదిలి, నూరు శాతం సైజు అని చెబితే చాలు. చెప్పకపోతే 35 కాస్తా 33 అవుతుంది, అప్లికేషన్ గడిలో ఫోటో చుట్టూ ఖాళీ కనిపిస్తుంది. కానీ సంక్రాంతికో నాలుగు, దసరాకో నాలుగు తీసేవాళ్ళకు మాత్రం ఇంకు ప్రింట్ హెడ్ రంధ్రాల్లోనే ఎండుతుంది, శుభ్రం చేయమని మీట నొక్కితే ఉన్న ఇంకు ఆ శుభ్రానికే పోతుంది. అలాంటివాళ్ళు వీధి చివర ల్యాబ్‌కు వెళ్ళడమే మేలు. అక్కడ కూడా "తల కొయ్యకండి" అని నోరు తెరిచి చెప్పాలి.

ఇంత చదివాక కూడా "అవన్నీ సరే, ఇంతకీ ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అంటారని తెలుసు. మీ కంప్యూటర్‌లో ఉన్నదే మంచిది. దాంతో కాదంటే ఇర్ఫాన్‌వ్యూ దించుకోండి. 1996 నుంచి ఉంది, ఇంటి వాడకానికి డబ్బు అడగదు, ప్రింట్ విండోలో ఫోటో ఎన్ని అంగుళాలు కావాలో అడుగుతుంది. గ్రూపులో మాత్రం అడక్కండి.