మూడు కోట్ల సంబంధం

3,35,50,336 అనే సంఖ్య గుణగణాలు విచారిద్దామని కాగితం పట్టుకుని కూర్చున్నాను. పనీపాటా లేదా అని మా ఆవిడ అడగనే అడిగింది. ఉంది. కానీ కరెంటు బిల్లులో అంకెలు నన్నింతగా ఊరించవు.

వంశం దొడ్డది. తనను మినహాయిస్తే దీనికి 25 భాజకాలు. అన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య, పైసా తేడా లేకుండా. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. 6, 28, 496, 8128 తర్వాత అయిదోది మనదే. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ అనే గ్రీకు పండితుడు భాజకాల మొత్తం ఎక్కువైన సంఖ్యల్ని పది నోళ్ల జంతువులనీ, తక్కువైనవాటిని ఒంటికన్ను జీవులనీ తిట్టిపోశాడు. పరిపూర్ణ సంఖ్యలు మాత్రం ఆయన దృష్టిలో బుద్ధిమంతులు. ఒక అంకెకి ఒకటి, రెండంకెలకి ఒకటి, ఇలా వరుసగా వస్తాయన్నాడు. ఆ లెక్కన అయిదోది అయిదంకెలతో రావాలి. మనవాడు ఎనిమిదంకెలు వేసుకుని దిగాడు.

సరే, సంతోషంగా ఉంటాడా? అంకెల వర్గాలు కూడుతూ పోతే చివరికి 1 వచ్చేదాన్ని హ్యాపీ నంబర్ అంటారు. కూడాను: 122, 9, 81, 65, 61, 37, 58, 89, 145, 42, 20, 4, 16, మళ్లీ 37! ఇక ఎంత తిరిగినా 1 మొహం చూసే యోగం లేదు.

పోనీ, దేవలాలి బడిపంతులు కాప్రేకర్ చెప్పిన హర్షద్ సంఖ్య అవుతుందేమో! అంకెల మొత్తంతో భాగం పోతే చాలు. మొత్తం 28, అదీ పరిపూర్ణమే. ఇంత కలిసొచ్చిందని మురిసిపోతూ భాగిస్తే, శేషం 8.

బైనరీలో రాస్తే 13 ఒకట్లు, వాటి వెనక 12 సున్నాలు. ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే ‘ఈవిల్’, బేసిగా ఉంటే ‘ఓడియస్’, అంటే అసహ్యం అట; మనది రెండోది. ఈవెన్, ఆడ్‌లకు ప్రాస కోసం పరువు తీశారు. పైగా 13 ప్రధాన సంఖ్య కాబట్టి ‘పెర్నీషియస్’ కూడా, అంటే హానికరం. ఇంత చేసి, 1 నుంచి 8191 దాకా వరుసగా కూడితే ఇదే వస్తుంది కనుక ‘పొలైట్’, మర్యాదస్థుడు! పరిపూర్ణుడు, అసహ్యుడు, మర్యాదస్థుడు, ఆనందం లేనివాడు. ఇలాంటి పెద్దమనుషులు మా బంధువుల్లో ఇద్దరున్నారు.

కారు నంబరు కూడితే తొమ్మిది రావాలని వేలంలో డబ్బు పోసిన మా బావమరిది అప్పుడే వచ్చాడు.

“మొత్తం ఎంతొచ్చింది బావా?”

“28. అది 10. అది 1.”

“ఒకటంటే సూర్యుడు! వదలకు.”

6 తప్ప సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఒకటికే తేలతాయన్నాను.

“ఇంటిల్లిపాదికీ ఒకే జాతకమా? మరి వాళ్లలో బేసివాళ్లు లేరా?”

ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదనీ, ఉంటే గింటే 1 పక్కన 1500 సున్నాలు పెట్టినదానికంటే పెద్దదై ఉండాలని 2012లో నిరూపించారనీ చెప్పాను.

కాసేపు ఆలోచించాడు. “నంబరు ప్లేటు మీద పట్టదు బావా.”