గీత పడితే లేనట్టు

నా ఒంటి మీద రెండు గీతలు పడితే మత్తుమందు లేదని అర్థం. ఒక్క గీతే పడితే ఉందని. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని రెండో గీతకు గుండె జారినవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. గర్భం పరీక్ష చేసే కార్డు నాకు అక్క వరస. ఆమె దగ్గరా రెండు గీతలంటే ఉన్నట్టే. మా ఇంట్లో ఎడ్డెమంటే తెడ్డెమనేదాన్ని నేనొక్కదాన్నే. మూత్రంలో మత్తుమందుల జాడ చూడటం నా పని. వెండిరంగు సంచిలో, తేమ పీల్చే చిన్న పొట్లం పక్కన పడుకుని, నరసరావుపేట ల్యాబు అలమారాలో గడువు తేదీ దాకా రోజులు లెక్కపెడుతుంటాను. 2 నుంచి 30 డిగ్రీల మధ్య దాచమని నా సంచి మీద అచ్చేసి ఉంటుంది. వేసవి వచ్చిందంటే ఎండలతో వార్తల్లోకెక్కే రెంటచింతల ఉన్నది ఈ పల్నాడు జిల్లాలోనే. ఏసీ లేని గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో నన్ను ఉడకబెట్టి, ఆ తర్వాత నేను చెప్పిందే శిలాశాసనమంటే నవ్వొస్తుంది. నేను చెప్పగలిగేది చాలా చిన్న మాట. చాలాచోట్ల ఆ చిన్న మాటనే తీర్పుగా చదివి, వ్యసనం నుంచి బయటపడటానికి వైద్యం చేయించుకుంటున్న మనిషికి ఆ వైద్యమే ఆపేస్తున్నారు. అది తప్పని వాదించడానికే ఈ ఆత్మకథ.

ముందు నా కడుపులో ఏముందో చూపించాలి. కాగితంలా కనిపించే నైట్రోసెల్యులోజ్ పట్టీ ఒకటి. దాని చివరి గుంటలో మూడు చుక్కల మూత్రం వేస్తారు. తడి పైకి పాకుతూ, దారిలో ఎండబెట్టి ఉంచిన యాంటీబాడీలను లేపి వెంట తీసుకెళుతుంది. వాటికి బంగారు రేణువులు తగిలించి ఉంటాయి. నా గీతకు ఆ ఎరుపు వచ్చేది బంగారం వల్లే. (అంత చిన్న రేణువైతే బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. నన్ను కరిగించి ముక్కుపుడక చేయించుకుందామనుకుంటే నిరాశే.) టి అనే అక్షరం ఎదురుగా మత్తుమందు అణువులను ముందే అతికించి ఉంచారు. మూత్రంలో మందు లేకపోతే యాంటీబాడీలు ఖాళీగా వచ్చి అక్కడ అతుక్కుంటాయి, గీత పడుతుంది. మందు ఉంటే కథ వేరు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీట్లు ఆపేసినట్టు, మూత్రంలోని మందే యాంటీబాడీల మీద చోటంతా పట్టేస్తుంది. టి దగ్గర కాచుకున్న అణువులకు సీటు దొరకదు, గీత పడదు. పైనున్న సి గీత మాత్రం తడి సరిగ్గా పాకిందని చెప్పే సాక్షి. అది పడలేదంటే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. ఇక ఎంత ఉంటే ఉన్నట్టు అనేది మనుషులు గీసుకున్న హద్దు. నల్లమందులోని మార్ఫిన్‌కి నా తోబుట్టువుల్లో కొందరి హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు, కొందరిది 2000. ఒకరి మూత్రంలో 500 ఉందనుకోండి, ఒక కార్డు ఉందంటుంది, ఇంకో కార్డు లేదంటుంది. రెండూ అబద్ధమాడలేదు.

మా వంశానికి కాపలాదారు బుద్ధి పుట్టుకతోనే అంటింది. 1971లో వియత్నాం నుంచి ఇళ్లకు మళ్లే అమెరికన్ సైనికులకు హెరాయిన్ కోసం మూత్రపరీక్ష పెట్టారు. నెగెటివ్ వస్తే విమానం; పాజిటివ్ వస్తే ఒంట్లో మందు దిగేదాకా అక్కడే ఆపడం. తర్వాత ఉద్యోగాల దగ్గరా జైళ్ల దగ్గరా అదే కొలువు. తలుపు తీయడానికో వేయడానికో పుట్టిన పరీక్ష, డాక్టరు గదిలోకి వచ్చాక కూడా తలుపు దగ్గరే నిలబడింది. ఒక్క ఫలితం మీద అంత బరువు వేస్తే ఏమవుతుందో పల్నాటివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పల్నాటి యుద్ధం కథలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస, దాని చివర కారంపూడి రణరంగం. పందెంలో మోసం జరిగిందని కథ వినేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నన్నడిగితే మోసం సంగతి తర్వాత. ఒక పుంజు కాలికి అంతమంది బతుకులు కట్టడమే అసలు తప్పు.

ఇక వైద్యం సంగతి. హెరాయిన్, నల్లమందు, మత్తిచ్చే నొప్పి మాత్రలు, వీటికి లోబడినవాళ్లకు ఇచ్చే మందుల్లో ముఖ్యమైనది బ్యూప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకునే మాత్ర. గసగసాల మొక్కలో ఉండే థెబైన్ అనే పదార్థం నుంచి 1960ల్లో ఇంగ్లండులో తయారైంది. అమెరికా ఈ చికిత్సకు 2002లో అనుమతించింది. మెదడులో నల్లమందు కూర్చునే పీట మీదే ఇదీ కూర్చుంటుంది. పని మాత్రం సగమే చేస్తుంది, ఒక మోతాదు దాటాక ఎంత మింగినా మత్తు పెరగదు. పైగా గట్టిగా కూర్చుంటుంది, వెనకాల హెరాయిన్ వచ్చినా లేపలేదు. అందుకే ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి లేకుండా మనిషి పొలానికో పనికో పోగలుగుతాడు. ఇప్పుడు ఈ మనిషికి నన్ను పెట్టండి. ‘ఓపియేట్’ అని రాసి ఉన్న మామూలు కార్డుకు మార్ఫిన్, కోడీన్, హెరాయిన్ తెలుసు. బ్యూప్రెనార్ఫిన్ ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టదు, దానికి వేరే యాంటీబాడీతో చేసిన వేరే కార్డు కావాలి, హద్దు కూడా 10 నానోగ్రాముల దగ్గర ఉంటుంది. ఇది తెలియకపోతే రెండు వైపులా పొరపాటే. మందు బుద్ధిగా వేసుకుంటున్న రోగికి ఓపియేట్ కార్డు నెగెటివ్ వస్తే ‘మాత్రలు అమ్ముకుంటున్నాడు’ అంటారు. బ్యూప్రెనార్ఫిన్ కార్డు పాజిటివ్ వస్తే ‘ఇంకా మత్తులోనే ఉన్నాడు’ అంటారు. ఒకటి చూడలేని దాన్ని చూడమనడం, రెండోది డాక్టరు రాసిన మందునే నేరంగా చదవడం.

అంతకన్నా పెద్ద చిక్కు ఇక్కడి మత్తుతో ఉంది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే, దేశంలో ఓపియాయిడ్ల (నల్లమందు తరహా మత్తుమందుల) వల్ల వైద్యసాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షల మందని లెక్కేసింది. వాళ్లలో సగానికి పైగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశం మొత్తంమీద హెరాయిన్ తర్వాతి స్థానం మందుల షాపు సరుకుదేనని కూడా ఆ సర్వే చెప్పింది. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఆ తర్వాత టాపెంటడాల్ పేరు వినిపించడం మొదలైంది. 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్, విజిలెన్స్, ఔషధ నియంత్రణ అధికారులు రాష్ట్రమంతా మందుల షాపులను సోదా చేసింది చీటీ లేకుండా ఇలాంటివి అమ్ముతున్నారనే. ట్రమడాల్, టాపెంటడాల్ రెండూ పూర్తిగా రసాయనశాలలో పుట్టినవి, మార్ఫిన్‌తో పోలిక తక్కువ, కాబట్టి ఓపియేట్ కార్డుకు చిక్కవు. అంటే మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చినవాడు పొద్దున్నే నాలుగు టాపెంటడాల్ బిళ్లలు మింగి వచ్చినా నేను ‘ఏమీ లేదు’ అని రెండు గీతలు గీస్తాను. వాడి ఇంటివాళ్లు సంబరపడతారు కూడా.

మరి నేను పాజిటివ్ అన్నప్పుడైనా నమ్మవచ్చా? ఆదివారం మాంసం కూరలో గసగసాలు నూరి వేయని ఇల్లు ఇక్కడ అరుదు. నల్లమందు ఇచ్చే మొక్క గింజలే అవి. పైన అంటుకున్న మార్ఫిన్ ఆనవాళ్లు దండిగా తిన్నవాళ్ల మూత్రంలోకి వస్తాయి. అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షలో హద్దును 300 నుంచి 2000కి పెంచింది 1998లో, ముఖ్యంగా ఈ గింజల తగాదా వల్లే. కోడీన్ ఉన్న దగ్గుమందు ఒంట్లోకి వెళ్లాక కొంత మార్ఫిన్‌గా మారుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, జ్వరాలకు రాసే లీవోఫ్లాక్సాసిన్ లాంటివి కొన్ని పరీక్షలను తికమక పెడతాయి. నా యాంటీబాడీ మనిషి ముఖం చూసి కాదు, చొక్కా చూసి గుర్తుపట్టే రకం. ముఖం చూసేది వేరే ఉంది, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పెద్ద యంత్రం. దాని దగ్గరికి నమూనా పంపాలంటే డబ్బు, రోజులు రెండూ కావాలి. పంపకపోయినా ఫర్వాలేదు, కానీ పంపనప్పుడు నా మాటను ‘అనుమానం’ అనే పిలవాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. వ్యసనపరుడి మాట నమ్మలేం, పరీక్ష భయం లేకపోతే మాత్రలు బజారులో తేలతాయి, అంటారు. భయం ఊహ కాదు. బ్యూప్రెనార్ఫిన్‌ను సూదిమందుగా ఎక్కించుకునే అలవాటు మన దేశానికి పాతదే. అయితే దాన్ని ఆపే పనికి నన్ను పెట్టడం దొంగను పట్టమని తులసికోటను అడగడం లాంటిది. సగం మింగి సగం అమ్మేవాడికి నా దగ్గర పాజిటివే వస్తుంది. అసలు మింగనివాడు మాత్రను చిటికెడు గీకి మూత్రంలో కలిపినా పాజిటివే. మందు నిజంగా ఒంట్లోంచి వచ్చిందని చెప్పేది కాలేయం దాన్ని మార్చి చేసే నార్‌బ్యూప్రెనార్ఫిన్. మూత్రంలో అసలు మందు కుప్పలుగా ఉండి ఇది లేకపోతే గిన్నెలో కలిపారని తెలుస్తుంది. ఆ తేడా పట్టేదీ పెద్ద యంత్రమే. దుర్వినియోగానికి పనిచేసే అడ్డుకట్టలు వేరే ఉన్నాయి. 2 మిల్లీగ్రాముల మాత్రలో అర మిల్లీగ్రాము నాలక్సోన్ కలుపుతారు. నాలుక కింద అది దాదాపు పనిచేయదు, కరిగించి సూదితో ఎక్కిస్తే మత్తుకు అడ్డుపడుతుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే కేంద్రాల్లో నర్సు ఎదుటే మాత్ర పొడి చేసి నాలుక కింద వేస్తారు. ఆ కొన్ని నిమిషాలు కూర్చుని చూసిన నర్సుకు తెలిసినంత, నూరు కార్డులకు తెలియదు.

ఇంకో అభ్యంతరం ఇంటిపెద్దలది: ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమేగా, పూర్తిగా మాన్పించి పంపండి. ఈ కోరికకు జవాబు స్వీడన్‌లో దొరికింది. 2003లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో నలభై మంది హెరాయిన్ బానిసలను సగం సగం చేశారు. ఇరవై మందికి ఏడాది పొడుగునా బ్యూప్రెనార్ఫిన్. మిగతా ఇరవై మందికి ఆరు రోజుల్లో తగ్గించి ఆపేసి, తర్వాత మందు లేని ఉత్త మాత్ర. కౌన్సెలింగు రెండు గుంపులకూ ఒకటే. ఏడాది చివర మొదటి గుంపులో నూటికి డెబ్బై ఐదుగురు చికిత్సలో నిలిచారు. రెండో గుంపులో ఒక్కరూ నిలవలేదు, నలుగురు చనిపోయారు. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన, చాలా అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలోనూ లెక్క అటే మొగ్గింది. బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నంతకాలం ఏడాదికి వెయ్యిమందిలో మరణాలు 4.3, బయటికి వచ్చాక 9.5. ఇప్పుడు నా గీత పడలేదని ఒకణ్ని చికిత్స నుంచి తీసేశారనుకోండి. మళ్లీ వాడాడన్న అనుమానంతో, వాడితే చావకుండా కాపాడేదాన్నే లాక్కున్నారన్నమాట. చక్కెర పెరిగిందని ఇన్సులిన్ ఆపే డాక్టరును చూస్తూ ఊళ్లో ఎవరూ ఊరుకోరు.

అలాగైతే నన్ను పారేయమంటానా? అనను, నాకూ బతుకు మీద తీపి ఉంది. నా పక్కనే ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలను చూసే గీత ఉంటే, అది ప్రాణం నిలిపే సమాచారం, ఎందుకంటే బ్యూప్రెనార్ఫిన్‌తో అవి కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మోతాదు చాలక పక్కన ఇంకేదో వాడుతున్నవాడు నోటితో చెప్పలేనిది నా ద్వారా బయటపడితే, డాక్టరు మోతాదు పెంచవచ్చు, వారానికోసారి రమ్మన్నవాణ్ని రోజూ రమ్మనవచ్చు. అమెరికా వ్యసన వైద్యుల సంఘం 2017లో రాసుకున్న పత్రం కూడా పరీక్షను శిక్షకు కాక చికిత్సకే వాడమంది. మన చట్టంలోనూ దీనికి చోటుంది: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్, తనంతట తానుగా వైద్యానికి వచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుణ్ని వాడకం కేసు నుంచి కాపాడుతుంది. పోలీసుల చేతిలో ఉన్న నా చుట్టాల పని వేరు, వాళ్లతో నాకు తగువు లేదు. డాక్టరు బల్ల మీదికి వచ్చినప్పుడు మాత్రం నన్ను వేయకముందే ఒక ప్రశ్న అడగాలి: ‘ఈసారి ఏం కనిపిస్తుందనుకుంటున్నావు, బాబూ?’ చాలామంది నిజమే చెబుతారు. చెబితే మందు ఆగదని తెలిసినప్పుడు.

ఈమధ్య నన్ను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇళ్లలోనే పిల్లలకు పరీక్ష పెడుతున్నారు. ఆ తల్లిదండ్రులకు ఒకటే మనవి. ఐదు నిమిషాలకు చూడండి, పది దాటితే చూడకండి. టి దగ్గర గీత పలచగా, పొగ రాసినట్టు పడినా అది నెగెటివే. సగం గీతను సగం నేరమనుకుని పిల్లాడి మీద చెయ్యి చేసుకోకండి. అనుమానం తీరకపోతే 14446కి ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వపు డీ-అడిక్షన్ నంబరు, పైసా ఖర్చు లేదు.