పాట రాకున్నా వాగ్గేయకారుడు కావడం ఎలా?

తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడేవాడు వాగ్గేయకారుడని పుస్తకాల్లో ఉంటుంది. మూడు పనులు ఒక్కడి నెత్తిన పెట్టడం అన్యాయం. పైగా జనానికి ఆ మూడూ అక్కర్లేదు. నమ్మకం లేకుంటే మహబూబ్‌నగర్ బస్టాండులో నిలబడి పదిమందిని అడిగి చూడండి. రామదాసు కీర్తన ఏ రాగంలో ఉందంటే మొహాలు చూసుకుంటారు. జైల్లో ఎన్నేళ్లున్నాడంటే మాత్రం పల్లీలు అమ్మేవాడు కూడా పన్నెండని ఠక్కున చెబుతాడు. 2006లో ఆయన మీద వచ్చిన సినిమాలో నాగార్జున ఎక్కడెక్కడ ఏడిపించాడో అదనంగా చెబుతాడు. కాబట్టి పాట సంగతి తర్వాత. ముందు ఒక జీవిత చరిత్ర సంపాదించండి.

అన్నిట్లోకి గట్టిది జైలు. రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు శిస్తు ఆరు లక్షల వరహాలు భద్రాచలం గుడికి ఖర్చు పెట్టాడని తానీషా ఆయన్ను గోల్కొండ కోట చెరసాలలో వేయించాడంటారు. ఆ చెరసాలను ఇప్పటికీ టికెట్ కొని చూసి వస్తున్నాం. మన కాలంలోనూ పట్టుబడే తహసీల్దార్లకు కొదవ లేదు. వాళ్లు చేసే తప్పల్లా డబ్బును ప్లాట్లలో పెట్టడమే. గుడికి పెట్టి ఉంటే ఈపాటికి మాటలెవరివో, పాటలెవరివో సినిమా పోస్టర్ మీద ఉండేవి. జర్మనీలో సంగీతకర్త బాఖ్ కూడా 1717లో జైలుకెళ్లాడు. వైమార్ డ్యూక్ కొలువు వదిలి పోతానని మొండికేసినందుకు లోపల పెట్టారు. కానీ నెల తిరక్కుండానే బయటికొచ్చాడు. పన్నెండేళ్లెక్కడ, నెల ఎక్కడ? కథలో దమ్ము లేదు కాబట్టే పాపం ఆయన అన్ని వందల రచనలు చేసుకోవలసి వచ్చింది.

జైలు కుదరకపోతే అన్నదమ్ముల తగాదా ఉంది. త్యాగరాజస్వామి కొలిచే రాముడి విగ్రహాలను అన్నగారు కావేరిలో పారేశాడనీ, ఆయన వెతుక్కుంటూ తిరిగాడనీ కథ. మనకు అన్నలున్నారు, గెట్టు పంచాయితీలూ ఉన్నాయి. చిక్కంతా నది దగ్గరే. మా దిక్కు పారే వాగు పేరు దుందుభి. పేరులోనే భేరీ ఉంది, కడుపులో నీళ్లే ఉండవు. అందులో విగ్రహం పారేస్తే మధ్యాహ్నానికల్లా మేకల కాపరి తెచ్చి, "పటేలా, ఇది మీదేనా?" అని వాకిట్లో పెడతాడు. విరహానికి పూట కూడా వ్యవధి దొరకదు. వానాకాలం చూసుకొని తగాదా పెట్టుకోవడం మంచిది.

ఇక నిధిని కాలదన్నడం. శరభోజి మహారాజు పిలుపును త్యాగయ్య కాదన్నాడని అందరికీ తెలుసు. ఇది సులువుగా కనిపిస్తుంది గానీ కాదనడానికి ముందు ఎవరో ఒకరు పిలవాలి. ఒకప్పుడు మా జిల్లాలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలుండేవి. కవులు, పండితులు వచ్చి పరీక్షకు నిలబడి వార్షికాలు పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడు కోటలున్నాయి, రాజుల్లేరు. నేను కనిపెట్టిన ఉపాయం చెబుతాను: పిలుపు కోసం ఆగకండి. "సన్మానాన్ని తృణప్రాయంగా తిరస్కరించిన" అని ఫ్లెక్సీ కొట్టించి చౌరస్తాలో కట్టండి. ఎవరి సన్మానం, ఎప్పుడు అని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఫ్లెక్సీ వాడు మాత్రం బాకీ అడుగుతున్నాడు.

ఎన్ని రాయాలి అని కొందరు భయపడతారు. అన్నమయ్య 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా ముప్పైరెండు వేలు రాశాడంటారు. డెబ్భైతొమ్మిదేళ్లు, అంటే రోజుకొకటి చొప్పున వేసుకున్నా ఇంకా మూడు వేలు తక్కువ పడతాయి. పండగలకు రెండేసి రాసి ఉంటాడు. (ఆయన పోయిన సంవత్సరం పేరు కూడా దుందుభే. మా వాగుకూ మహానుభావులకూ ఏదో లంకె ఉంది.) వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. నాలుగు వందల ఏళ్లు పైకి రాలేదు. రాగి చెక్కు చెదరదని మీరూ రేకులు కొనేరు, జాగ్రత్త. మన చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి, నూనె పారబోసి రాగి తీగ ఎత్తుకుపోయే మొనగాళ్లున్నారు. మీ సంకీర్తనలు తెల్లారేసరికి తూకానికి పోతాయి. ఫోన్‌లో దాచుకోండి. అయినా రాస్తే కదా.

శాస్త్రం చదవాలా? అక్కర్లేదు. శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం'కి 'సంగీత సుధాకరం' అనే వ్యాఖ్య రాసినవాడు మన నల్లగొండ దిక్కు రాచకొండను ఏలిన సింగభూపాలుడే. దేశంలో సంగీతశాస్త్రం చదివినవాళ్లకు ఆ పేరు తెలుసు. మనకు మొన్నటిదాకా రాచకొండ అంటే పోలీసు కమిషనరేటు. చదివిందీ రాసిందీ పనికిరాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పాటలో పెట్టే సంతకం, అదే ముద్ర విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. దీక్షితులు గురుగుహ అన్నాడు, శ్యామశాస్త్రి శ్యామకృష్ణ అన్నాడు, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ని పెట్టుకున్నాడు. మా పాలమూరులో ఏమైందో చూడండి. మన్యంకొండలో ఒక హనుమద్దాసు, వేపూరులో ఇంకొక హనుమద్దాసు. ఇద్దరివీ భజనల్లో పాడతారు. ఎవరిది ఏదో తేల్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. పోనీ మీరు పేరు పక్కన జిల్లా కలుపుతారా? 2016 తర్వాత పాలమూరు అయిదు ముక్కలైంది, నల్లగొండ మూడైంది. మళ్లీ ఎప్పుడు మారుతుందో తెలియదు. ఆధార్ నంబరు పెట్టడం నయం, తాళానికి కూడా సరిపోతుంది.

మన్యంకొండ ఆయన గురించే నా బాధంతా. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని దేవుడు అని ఆ కొండకు పేరు. అంత మంచి వాతావరణంలో ఉండి సాధన ముట్టని పాట పాడి ఊరుకోవచ్చు కదా? కీర్తనలు కట్టాడు. మా ఊళ్లో ఆయన కథ అడిగితే ఒక్కరికీ రాదు. జైలు తెలియదు, రాజు తెలియదు, అన్న తెలియదు. పాటలే వచ్చు. శనివారం రాత్రి హనుమాండ్ల గుడి ముందర కూలికి పోయి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కొని కూర్చుంటారు. నూనె మరకలతో పేజీలు ఊడిపోయిన నోటుబుక్కు ఒకటి మధ్యలో ఉంటుంది, ఎవరూ దాన్ని తెరవరు. హార్మోనియంలో రెండు మెట్లు పలకవు. అక్కడికి రాగానే అందరూ గొంతు పెంచి ఆ సందు పూడ్చేస్తారు. బతుకు కథ లేని మనిషికి ఇంతకన్నా ఏం మిగులుతుంది చెప్పండి?

నేను దయదలచి ఒక శనివారం వెళ్లాను. హార్మోనియం తాతను, "తాతా, ఇది ఏ రాగం?" అని నిలదీశాను.

"గదంత నాకు తెల్వది బిడ్డా. మా నాయిన గిట్లనే పాడేటోడు."

రాగం, ముద్ర, శరభోజి అన్నీ విడమరచి చెప్పాను. గంటసేపు విన్నారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. చివరికి తాత లేచి, "అన్ని తెలిసినోనివి. ఇగ తాళాలు నీ చేతుల్నే ఉండనీ" అన్నాడు. ఒక్కరోజులో గుడి తాళాలు అప్పగించారని ఒళ్లు పులకరించింది. కళ్లు మూసుకొని చేతులు చాచాను.

బరువుగా రెండు ఇత్తడి బిళ్లలు పడ్డాయి. "జర మెల్లగ కొట్టు బిడ్డా" అన్నాడు తాత, పాట ఎత్తుకుంటూ.