మీ సినిమాతో ఆవిడను ఏడిపించడం ఎలా?

కొత్త పెళ్లికూతురికి మొదట ఏ సినిమా చూపించాలన్నది బుక్కపట్నం కుర్రాళ్లకు పెద్ద చిక్కే. ధర్మవరం పోయి కొత్తది ఏదో ఒకటి చూసొస్తే సరిపోతుంది గానీ, అందులో మీ గొప్పేముంది? మీకు ప్రాణమైన పాత సినిమాను ఇంట్లో ఆమె ముందు పెట్టాలి. అది నచ్చితే మీరు నచ్చినట్టు. నచ్చకపోతే సంబంధం కుదిర్చిన పెద్దమనుషులకు కబురు పెట్టండి.

శుభారంభానికి ‘మరో చరిత్ర’ (1978) శ్రేష్ఠం. చివర ఇద్దరూ చచ్చిపోతారు. పందిరి విప్పకముందే ఇది చూపిస్తే కాపురం మీద పెద్ద ఆశలు పెట్టుకోదు. అంత గుండె లేని పిల్లయితే ‘దేవదాసు’ (1953) పెట్టండి, పోయేది ఒక్కడే. పార్వతి ఇంటి ముందే పోతాడని పేర్లు పడుతుండగానే చెప్పేస్తే ఆమెకు కంగారుండదు.

అసలు పరీక్ష ‘మల్లీశ్వరి’ (1951). రాయల కాలపు కథ. మనదేమో బుక్కరాయల పేరు మీద వెలిసిందని చెప్పుకునే ఊరు. కాబట్టి దాన్ని వివరించే హక్కు మీకు పుట్టుకతోనే వచ్చింది. నాయిక మల్లిని తీసుకుపోయే రాణివాసం పల్లకి ఆమె ఇంటి ముందు దిగగానే బొమ్మ ఆపండి. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక రాజధాని పెనుకొండకు ఎలా వచ్చిందో చెప్పండి. తీసిన బి.ఎన్. రెడ్డిది పులివెందుల పక్క పల్లె అని చెప్పండి. అక్కణ్నుంచి మన చెరువు, చిత్రావతి, మరవ పారిన సంవత్సరాలు. "బావా, సినిమా సూడనిస్తావా లేదా?" అంటుంది. శ్రద్ధ పెరిగిందన్నమాట.

ఇదంతా చెబుతున్నప్పుడు తెర వైపు చూడొద్దు. మీరు ఎన్నోసార్లు చూసిందే కదా. ఆమె ముఖమే చూడండి, రెప్ప వేయకుండా. మీరు ఏడ్చే చోటే ఆమె ఏడవాలి. ముందూ వెనకా కుదరదు. పల్లకి దగ్గర కొందరు ఆడపిల్లలకు గొంతు పూడుకుపోతుంది. మొన్ననే అమ్మానాన్నలను వదిలి మెట్టినింటికి వచ్చిన పిల్ల కదా, ఏదో గుర్తొచ్చి ఉంటుంది. అది సినిమాకు సంబంధం లేని ఏడుపు, లెక్కలోకి తీసుకోకండి. ఏమైందని అడగొద్దు. అడిగితే వాళ్ల ఊరు, వాళ్లమ్మ, వాళ్లింటి గడప అంటూ మొదలుపెడుతుంది. పెనుకొండ కథ సగంలో ఆగిపోతుంది.

మర్నాడు పొద్దున ఉగ్గాని తినేటప్పుడు ప్రశ్నలు వేయండి. "‘మాయాబజార్’లో ధర్మరాజు వేషం ఎవరిది?" అన్నది మంచి ప్రశ్న. ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఆమె ఎవరి పేరు చెప్పినా తప్పే. తీసిన కె.వి. రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినాయన, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా అని అత్తగారు వినేట్టు అనండి.

ఒక్కటి మాత్రం పొరపాటున కూడా చేయొద్దు. "నీకు ఇష్టమైన సినిమా ఏది?" అని అడక్కండి. అడిగితే పెట్టమంటుంది. పెడితే కూర్చుని చూడాలి. అందులో ఎక్కడో మీ కళ్లు చెమర్చాయనుకోండి, అప్పుడు పక్కన కూర్చుని మీ ముఖం చూసేది ఆవిడ. "ఏమైంది బావా?" అని అడిగినా అడుగుతుంది. దానికి ఈ చిట్కాల్లో జవాబు లేదు.